షూటింగ్ రోజుకి డైరెక్టర్ ఎలా సిద్ధపడతాడు? షాట్ లిస్ట్ ఒక్కటి ఉంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రెండు షార్ట్ ఫిలిమ్స్ తీశారు. వచ్చే నెల మొదటి ఫీచర్ మొదలుపెడుతున్నారు. 22 రోజుల షెడ్యూల్, చిన్న బడ్జెట్, ఎక్కువ భాగం హైదరాబాద్‌లో నిజమైన ఇళ్లలోనే. సినిమా మొత్తానికీ షాట్ లిస్ట్ రాసి పెట్టుకున్నారు. "ఇంతకు మించి డైరెక్టర్ రోజువారీగా ఏం ప్రిపేర్ అవ్వాలి, ముందు రోజు రాత్రి కూర్చుని అసలు ఏం చేస్తారు" అని అడిగారు.

సూటిగా చెప్తాను. షాట్ లిస్ట్ సరిపోదు. అందులో ఉన్నవి మీరు తీయాలనుకున్న షాట్లు, అంతే. రోజు గట్టెక్కాలంటే ఇంకో మూడు సంగతులు తేలాలి. ఆ సీన్‌లో ఏది దొరక్కపోతే సీనే లేనట్టో, ఆ ఒక్కటి. ఏ షాట్ తర్వాత ఏ షాట్ అన్న వరస. టైం చాలకపోతే వేటిని వదిలేస్తారన్న నిర్ణయం. ఈ మూడోది ముందు రోజు రాత్రే అయిపోవాలి. సాయంత్రం ఐదింటికి మానిటర్ ముందు నిలబడ్డప్పుడు, వెనక ప్రొడక్షన్ మేనేజర్ వాచీ చూసుకుంటుంటే ఎంత తెలివైనవాడికైనా బుర్ర పనిచేయదు.

నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌కి వచ్చి 19 ఏళ్లయింది. క్లాప్ కొట్టడంతో మొదలుపెట్టి, కంటిన్యుటీ రాసి, అసోసియేట్‌నై, ఇప్పుడు కో-డైరెక్టర్‌గా చేస్తున్నాను. మధ్యలో ఒక సినిమా డైరెక్ట్ కూడా చేశాను. శుక్రవారం వచ్చింది, సోమవారానికి వెళ్లిపోయింది. కాబట్టి గొప్ప సినిమా ఎలా తీయాలో నన్ను అడక్కండి. రోజు చేజారిపోకుండా ఎలా కాచుకోవాలో మాత్రం చెప్పగలను.

ముందు నా సినిమాలో తగిలిన దెబ్బతోనే మొదలుపెడతాను. అందులో ఒక బస్సు సీన్ ఉంది. అమ్మాయి ఊరు విడిచి వెళ్తుంటుంది. ఊరి చివర చెరువుకట్ట దాటేటప్పుడు కిటికీలోంచి ఒక్కసారి వెనక్కి చూస్తుంది. సీన్ మొత్తం ఆ చూపు కోసమే రాసుకున్నాను. బస్సు ఒక్క రోజుకి అద్దెకు తీసుకున్నాం. నా లిస్టులో 34 షాట్లు, ఆ చూపు 29వ నంబరు. కథలో చివర వస్తుంది కదా, లిస్టులోనూ చివరే రాశాను. కండక్టర్ టికెట్ కొట్టడం, పైన బ్యాగులు ఊగడం, పక్క సీట్లో ముసలావిడ కునికిపాట్లు, అన్నీ ఓపిగ్గా తీశాం. 22వ షాట్‌కి వెలుతురు పోయింది. మళ్లీ బస్సు తీసుకోవడానికి డబ్బుల్లేవు. చివరికి షెడ్డులో నిలబెట్టిన బస్సుకి బయట నల్లగుడ్డ కట్టి, ఇద్దరు కుర్రాళ్లు బస్సుని ఊపుతుంటే, రాత్రి అన్నట్టు ఒక క్లోజ్ (మొహం దగ్గరగా కనిపించే షాట్) తీసి అతికించాను. ఎడిటర్ చూసి ఏమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రోజు తీసిన 21 షాట్లలో సినిమాలో మిగిలినవి ఆరు.

అప్పట్నుంచి నాకో అలవాటు. సీన్ పేపర్ పైభాగంలో ఎర్ర ఇంకుతో ఒక్క వాక్యం రాసుకుంటాను. ఈ సీన్‌లో ప్రేక్షకుడికి ఏది అందాలి, అది ఏ షాట్‌లో ఉంది. ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ సీన్ నాకింకా అర్థం కాలేదనే. అప్పుడు షాట్లు పక్కనపెట్టి రైటర్‌కి ఫోన్ చేస్తాను. ఎర్ర ఇంకు షాట్ మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోవాలన్నది నా నియమం. కుదరని రోజులుంటాయి. అప్పుడు ఎందుకు కుదరదో ముందే తెలిసి ఉండాలి.

ఇక వరస సంగతి. ఉత్తి మాటల్లో చెప్తే తేలికే అనిపిస్తుంది కాబట్టి ఒక సీన్ పట్టుకుని చూపిస్తాను. నేను కో-డైరెక్టర్‌గా చేసిన ఒక చిన్న సినిమాలోది, వివరాలు కొంచెం మార్చాను. జనగామ దగ్గర పల్లె నుంచి తండ్రి అమీర్‌పేటలో కొడుకు ఉండే హాస్టల్ గదికి వస్తాడు. కొడుకు కోచింగ్ మానేసి మూడు నెలలైంది, ఇంట్లో చెప్పలేదు. తండ్రికి బయట తెలిసిపోయింది, అయినా అడగడు. మామిడికాయ పచ్చడి సీసా మంచం కింద పెడతాడు, ఊళ్లో వానల గురించి రెండు ముక్కలు మాట్లాడతాడు. వెళ్లబోయే ముందు దిండు కింద రెండు 500 నోట్లు దోపుతాడు. సీన్ పేపర్ మూడు పేజీలు. డైరెక్టర్ రాసుకున్నవి 19 షాట్లు.

ఎర్ర ఇంకు వాక్యం: "దిండు కింద చెయ్యి. కొడుకు చూశాడు. చూశాడని తండ్రికి తెలీదు." అంటే షాట్లు రెండు. చెయ్యి, కొడుకు మొహం. మిగతా 17 వీటికి దారి.

గది పదీ పన్నెండు అడుగులు. ఒకటే కిటికీ, పడమర వైపు. కెమెరా పెట్టడానికి రెండే చోట్లు: కిటికీ దగ్గర నిలబడి తలుపు వైపు చూడటం, తలుపు దగ్గర నిలబడి కిటికీ వైపు చూడటం. 19 షాట్లని ఈ రెండు కుప్పలుగా విడదీస్తే, తలుపు వైపు చూసేవి 11, కిటికీ వైపు చూసేవి 8 వచ్చాయి. గది చిన్నది కాబట్టి ఒక వైపు నుంచి ఇంకో వైపుకి లైటింగ్ తిప్పాలంటే స్టాండ్లన్నీ కారిడార్‌లోకి మోయాలి. కెమెరామెన్ 40 నిమిషాలు అడిగాడు. కాబట్టి ఆ తిప్పుడు రోజులో ఒక్కసారే ఉండాలి.

తండ్రి పాత్ర వేసేది సీనియర్ నటుడు. ఆయన మనకి ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకే, ఆ తర్వాత ఇంకో షూటింగ్. ఈ ఒక్క ముక్కతో సగం వరస దానంతటదే తేలిపోయింది. ఉదయం లైట్లు పెట్టకముందే రిహార్సల్. తర్వాత తలుపు వైపు మాస్టర్, అంటే సీన్ మొత్తం ఒకే షాట్‌లో. అదే వైపు తండ్రి క్లోజులన్నీ. వెంటనే చెయ్యి. ఆ చెయ్యి ఇన్సర్ట్ (మధ్యలో అతికించే చిన్న దగ్గరి షాట్) కదా, తర్వాత ఎవరితోనైనా చొక్కా తొడిగి తీసేద్దాం అని అసిస్టెంట్ అన్నాడు. చాలామంది అలాగే చేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఆరు పదులు దాటిన మనిషి చెయ్యి దిండు ఎత్తే తీరు వేరు, ముందు నోట్లు మడతపెడుతుంది, తర్వాత దిండు సర్దుతుంది. మేం చెప్పకుండానే ఆయన దుప్పటి అంచు కూడా లాగి సరిచేశారు. ఆ పని ఏ డూప్ చెయ్యీ చేయదు.

11 దాటాక లైటింగ్ తిప్పాలి. తిప్పగానే మొదటి షాట్ కొడుకు మొహం, ఎదురుగా తండ్రి సజెషన్, అంటే ఫ్రేము అంచున ఆయన భుజమో వీపో కొంచెం కనపడటం. ఆయన 2 గంటలకి వెళ్లిపోతారు కాబట్టి కొడుకు క్లోజులకి అసిస్టెంట్ చేత డైలాగ్ చెప్పించుకోవచ్చు, అది మామూలే. ఆ చూపుకి మాత్రం ఎదురుగా అసలు మనిషి ఉండాలి. 2 తర్వాత కొడుకు ఒంటరి షాట్లు: పచ్చడి సీసా మూత తీసి వాసన చూడటం, కిటికీలోంచి కిందికి చూడటం. మూడున్నర ప్రాంతంలో పడమటి ఎండ సరిగ్గా దిండు మీద పడుతుంది. వస్తే ఖాళీ మంచం షాట్ ఆ ఎండలో తీద్దాం, రాకపోతే లేదు అనుకున్నాం. అది జూలై, మబ్బుని నమ్మి ఎర్ర ఇంకు షాట్ పెట్టుకోకూడదు.

వదిలేయాల్సినవి ఆరు షాట్లని రాత్రే పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. సీలింగ్ ఫ్యాన్, గుమ్మం ముందు చెప్పులు, గోడ మీద పాత క్యాలెండర్, ఇలాంటివి. డైరెక్టర్‌కి చెప్పుల షాట్ అంటే ప్రాణం. అరగంట వాదించాడు. ఆ వాదన రాత్రి భోజనం దగ్గర జరిగింది కాబట్టి ఖర్చేమీ కాలేదు. అదే సెట్‌లో జరిగి ఉంటే 50 మంది చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

తెల్లారాక ఏమైందంటే, పదిన్నరకి హాస్టల్‌కి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. సందులో మన జనరేటర్ వ్యాన్ అడ్డం. వ్యాన్ వెనక్కి తీయాలంటే కేబుళ్లు పీకాలి. 50 నిమిషాలు పోయింది. పెన్సిల్ గుర్తున్న ఆరింటిలో నాలుగు కొట్టేశాం, చెప్పులతో సహా. ప్యాకప్ 6:10కి. ఎర్ర ఇంకు షాట్లు రెండూ చేతిలో ఉన్నాయి.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. అమెరికన్ డైరెక్టర్ సిడ్నీ లుమెట్ 1957లో ఒకే గదిలో పన్నెండు మంది జ్యూరీ సభ్యుల కథ, '12 యాంగ్రీ మెన్', తీసినప్పుడు కూడా ఇదే లెక్క. ఒక వైపు లైటింగ్ చేస్తే ఆ వైపు చూసే షాట్లన్నీ, సినిమాలో ఎక్కడ వచ్చేవైనా సరే, తీసేసేవాడు. ఒకరితో ఒకరు వాదించుకునే ఇద్దరు నటుల్లో ఒకరి షాట్‌కీ ఎదుటివాడి షాట్‌కీ మధ్య దాదాపు వారం తేడా వచ్చిన సందర్భాలున్నాయి. అంత ముక్కలుగా తీసినా భావం తెగకుండా ఉండటానికి కారణం, అంతకుముందు రెండు వారాలు నటులందరితో చేసిన రిహార్సల్. వరస ఎంత ముక్కలైతే రిహార్సల్ అంత గట్టిగా ఉండాలి. మన దగ్గర చాలా చిన్న సినిమాలు ముక్కల వరస పాటిస్తాయి, రిహార్సల్ మాత్రం ఎగ్గొడతాయి. మీకు డబ్బు తక్కువ, టైం ఉంది. కొత్త నటులే అయితే ముందు నెలలో పది రోజులు ఎవరింట్లోనైనా కూర్చుని సీన్లు చదివించండి. టీ ఖర్చు తప్ప ఏమీ కాదు.

ఒక రోజులో ఎన్ని షాట్లు? ఇది మీరు అడగలేదు కానీ మీ అసలు సమస్య ఇదే అవుతుంది. కాల్షీట్ (ఒక రోజు పని వేళలు) 6 నుంచి 6 అన్నా, 9 నుంచి 9 అన్నా 12 గంటలు. టిఫిన్, భోజనం, మొదటి లైటింగ్, మధ్యలో లైటింగ్ తిప్పడం, ఆర్టిస్ట్ మేకప్ సర్దుళ్లు పోతే చేతికొచ్చేది ఎనిమిది గంటలకి కొంచెం అటూ ఇటూ. చిన్న యూనిట్‌తో, లైటింగ్ మారకుండా తీసే షాట్‌కి పావుగంట, మారితే అరగంట నుంచి 40 నిమిషాలు వేసుకోండి. నా అనుభవంలో 18 నుంచి 22 షాట్లు వస్తే మంచి రోజు. మీ లిస్టులో 35 ఉంటే ఆ రోజు పొద్దున్నే ఓడిపోయినట్టు.

దీనికి ముందు ఇంకో చిన్న పని చేయండి. సీన్‌ని పైకి చదువుతూ, నడవాల్సిన చోట నడుస్తూ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ దగ్గర పెట్టుకుని షూటింగ్‌కి ముందే సీన్ల నిడివి లెక్కగట్టుకునేవారని ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఫిలిం ఖరీదైన కాలం కాబట్టి అన్నారు ఒకరు నాతో. ఇప్పుడు మెమరీ కార్డు చవక, నిజమే. కానీ లైట్‌మెన్ బేటా (రోజువారీ ఇచ్చే డబ్బు) చవక కాదు. మూడు పేజీల సీన్ చదివితే ఆరు నిమిషాలు వచ్చిందంటే, ఎడిటింగ్‌లో కోసేయబోయే రెండు నిమిషాల్ని రేపు డబ్బు పెట్టి తీయబోతున్నారన్నమాట. రాత్రే కోసేయండి.

స్టోరీబోర్డు, అంటే షాట్లని ముందే బొమ్మలుగా గీసుకోవడం గురించి కూడా అడిగారు. బాపు గారు బొమ్మలు గీసుకుని సెట్‌కి వెళ్లేవారు, ఆయన చెయ్యి అలాంటిది. సత్యజిత్ రాయ్ ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో ఫ్రేములు గీసుకునేవారు. మనకి బొమ్మ రాదు. లొకేషన్‌లో అసిస్టెంట్లనే నిలబెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, చాలు. ఫైట్ సీనో, గ్రాఫిక్స్ ఉన్న సీనో అయితే మాత్రం బొమ్మలు గీయించక తప్పదు, ఎందుకంటే అక్కడ మీ మనసులో ఉన్నది పది మందికి ఒకేలా అర్థం కావాలి.

లొకేషన్ విషయంలో ఒకటే గట్టిగా చెప్తాను. రెక్కీకి (లొకేషన్ ముందుగా చూసి రావడానికి) ఏ టైంలో వెళ్లారో కాదు, ఏ టైంలో తీస్తారో ఆ టైంలో మళ్లీ వెళ్లండి. ఎండ సంగతి మొదటిది. డిసెంబరులో హైదరాబాద్‌లో ఐదుముప్పావుకల్లా పొద్దు కుంకుతుంది, మే నెలాఖరులో ఆరూముప్పావు దాకా ఉంటుంది. ఔట్‌డోర్ రోజుకి అది గంట తేడా. మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, నిలబడ్డ మనిషికి నీడే కనపడదు. ఆ టాప్ లైట్‌లో కళ్లు గుంటల్లా పడతాయి. వేసవిలో 11 నుంచి 3 వరకు ఔట్‌డోర్ క్లోజులు పెట్టుకోకండి. ఇంటి లోపలి సీన్ ఏదైనా ఆ టైంలోకి నెట్టండి.

రెండోది శబ్దం. మీరు సింక్ సౌండ్, అంటే డబ్బింగ్ లేకుండా సెట్‌లోనే మాటలు రికార్డు చేయడం అనుకుంటున్నారు కదా. అయితే షెడ్యూల్ వేసేటప్పుడు పంచాంగం పక్కన పెట్టుకోండి. నవ్వులాట కాదు. పెళ్లి ముహూర్తాలున్న రోజున ఊళ్లో ప్రతి ఫంక్షన్ హాలూ బ్యాండుతో మోగుతుంది, పూల ధర పెరుగుతుంది, అద్దె కార్లు దొరకవు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా, ప్రశాంతంగా తీసుకుందాం అని ఒకసారి సికింద్రాబాద్‌లో పాత ఇల్లు మాట్లాడుకున్నాం. ఆషాఢమంటే బోనాలని మాలో ఒక్కడికీ తట్టలేదు, నలుగురం కోస్తావాళ్లమే. పొద్దున్నే సందు మొదట్లో మైకు కట్టారు. ఆ రోజు డైలాగ్ లేని షాట్లు మాత్రమే తీసుకుని వచ్చేశాం. ఇంటి ఓనరమ్మ మాత్రం మా అందరికీ కడుపునిండా పెట్టి పంపింది.

మూడోది, బాగా దొరికిన లొకేషన్‌ని అలాగే ఉంటుందని నమ్మకండి. రాయ్ తన మొదటి సినిమా పథేర్ పాంచాలిలో రెల్లుగడ్డి పూల మధ్య పిల్లలు రైలు చూసే సీన్ ఒక రోజు కొంత తీసి, తర్వాతి వారం వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసే కాలం దాకా ఆగాల్సి వచ్చింది. మీకు అంత ఓపికా, అంత గడువూ ఉండవు. కాబట్టి ముందు రోజు సాయంత్రం ఎవరో ఒక అసిస్టెంట్ లొకేషన్‌కి వెళ్లి వీడియో కాల్ చేయాలి. గోడకి కొత్త రంగు వేశారా, ఎదుటింటివాళ్లు బోరు వేయిస్తున్నారా, ఇవి తెలియాలి. బోరు నిజంగా జరిగింది, అందుకే చెప్తున్నా.

నటుల దగ్గరికొస్తే, మీరు రాసుకున్న ప్లాన్ మొత్తం వాళ్లకి చెప్పకండి. సీన్ పేపర్ ముందు రాత్రే పంపండి. తెలుగు రాని ఆర్టిస్ట్ అయితే వాళ్ల లిపిలో రాయించి, పలికి రికార్డు చేసి పంపండి. సెట్‌లో పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇచ్చే అసిస్టెంట్ ఎవరో కూడా ముందే తేల్చుకోండి, రోజుకొకరు మారితే ఆర్టిస్ట్ చెవికి అలవాటు కాదు. పొద్దున లైట్లు వేయకముందు, జనం తక్కువున్నప్పుడు, వాళ్లని ఆ గదిలో ఊరికే నడవనివ్వండి. హాస్టల్ సీన్‌లో తండ్రి మంచం మీద కూర్చుంటాడని మేం రాసుకున్నాం. ఆయన కూర్చోలేదు. "కొడుకు అబద్ధం ఆడిన గదిలో వాడి మంచం మీద కూర్చోలేను బాబూ, నిలబడే ఉంటా" అన్నారు. ఆ ముక్కతో నాలుగు షాట్లు మారిపోయాయి, సీన్ బాగుపడింది. లైటింగ్ అయ్యాక అని ఉంటే గంట పోయేది, లేదా ఆయన మాట మేం వినేవాళ్లం కాదు.

ఇప్పుడు ముందు రోజు రాత్రి. ప్యాకప్ అయిన వెంటనే, ఎవరూ కార్లెక్కకముందే, 20 నిమిషాలు నిలబడే మాట్లాడండి. కెమెరామెన్, కో-డైరెక్టర్, ఆర్ట్, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ మేనేజర్, సింక్ సౌండ్ మనిషి. కూర్చోపెడితే టీలొస్తాయి, కబుర్లొస్తాయి, గంట అవుతుంది. రేపటి మొదటి షాట్ ఏది, ఎన్నింటికి, కెమెరా ఎటు చూస్తుంది, ఎవరు ముందు రెడీ అవ్వాలి. ఎటు చూడదో కూడా చెప్పండి, ప్రొడక్షన్ వాళ్లు వ్యాన్లూ భోజనం బల్లలూ ఆ వైపు పెట్టుకుంటారు.

తర్వాత కో-డైరెక్టర్ వాట్సాప్ గ్రూపులో కాల్ టైంలు పెడతాడు. గ్రూపులో పెట్టాం కదా అని వదిలేయకండి. నీలం టిక్కులు పడ్డాయంటే చూశారని తప్ప అర్థమైందని కాదు. కాస్ట్యూమర్‌కి, ఆర్ట్ అసిస్టెంట్‌కి, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్‌కి విడిగా ఫోన్ వెళ్లాలి. ఫోన్‌లో "సరేనా" అని అడగొద్దు, అందరూ సరే అంటారు. "రేపు ఏమేం తెస్తున్నావు, నువ్వు చెప్పు" అని అడగాలి. ఆ పచ్చడి సీసా విషయంలో ఆర్ట్ కుర్రాడు "ఒక సీసా అన్నా" అన్నాడు. మూత తీసే షాట్ నాలుగు టేకులైతే? కింద పడి పగిలితే? ఒకే రకం సీసాలు మూడు, ఒకే మట్టానికి పచ్చడితో తెమ్మన్నాం. రెండో టేకులోనే ఒకటి పగిలింది. గది అంతా ఆవపిండి వాసన, తుడిచేసరికి పావుగంట. సీసా లేక షూటింగ్ ఆగలేదు కానీ.

ఇంటికెళ్లాక డైరెక్టర్ ఒంటరిగా చేయాల్సింది గంట పని కూడా కాదు. రేపటి సీన్‌కి ముందు సీన్, తర్వాతి సీన్ చదవాలి. అవి ఇంకా తీయకపోయినా సరే. వరస కలిపి తీయట్లేదు కాబట్టి, పాత్ర ఏ ఊపులోంచి ఈ సీన్‌లోకి వస్తుందో డైరెక్టర్ తలలోనే ఉండాలి. తర్వాత ఎర్ర ఇంకు వాక్యం, వరస, పెన్సిల్ గుర్తులు. అన్నీ కలిపి ఒక్క కాగితం మీద, మడిచి జేబులో పట్టేలా. ట్యాబ్‌లో పెట్టుకునేవాళ్లని చూశాను, ఎండలో కనపడక పక్కవాణ్ణి గొడుగు పట్టమంటుంటారు.

వాన రోజులకి ఇంకో కాగితం. ఔట్‌డోర్ పెట్టుకున్న ప్రతి రోజుకీ, వాన పడితే అక్కడికి దగ్గర్లో లోపల తీసుకోగల సీన్ ఒకటి ఉండాలి, దాని బట్టలూ ప్రాపర్టీలూ (సీన్‌లో వాడే సామాన్లు) ఆ రోజు వ్యాన్‌లో ఉండాలి. బట్టలు ఆఫీసులో ఉంటే ఆ ప్లాన్ ఉన్నా లేనట్టే. చిన్న సినిమాల్లో ఇది నూటికి తొంభై మంది చేయరు. వాన పడితే కాసేపు చూద్దాం అంటూ మధ్యాహ్నం దాకా ఆకాశం కేసి చూస్తుంటారు.

షూటింగ్ రోజు పొద్దున అందరికంటే అరగంట ముందు వెళ్లండి. లొకేషన్‌లో ఒక్కరే తిరగండి. మొదటి షాట్ తేలికైనది పెట్టుకోండి, యూనిట్‌కి చెయ్యి తిరగాలి. భోజనం పిలవగానే ఒకసారి, నాలుగింటికి ఒకసారి జేబులో కాగితం తీసి లెక్క చూసుకోండి. నాలుగింటికి వెనకబడి ఉంటే అప్పుడే పెన్సిల్ గుర్తులున్నవి కొట్టేయండి. ఐదున్నర దాకా "తీసేద్దాంలే" అని లాగితే, చివర్న మిగిలిన నాలుగు షాట్లూ హడావిడిగా తీసి నాలుగూ పాడుచేసుకుంటారు. ప్లాన్‌లో లేని మంచి ఆలోచన సెట్‌లో వస్తే తీయొద్దా అంటే, తప్పకుండా తీయండి. దానికి బదులు ఏది తీసేస్తున్నారో కెమెరామెన్‌కి అప్పుడే చెప్పండి. మధ్యలో ఎవరైనా ఏదైనా అడిగితే, తెలియకపోతే "రెండు నిమిషాలు ఇవ్వు" అనండి. తెలియకుండా చెప్పిన జవాబు పది నిమిషాల్లో మార్చాల్సి వస్తుంది, అలా రెండుసార్లయితే లైట్‌మెన్ మీ మాట విని స్టాండ్ ఎత్తడం మానేసి, "ఫైనలేనా సార్" అని అడగడం మొదలుపెడతారు.

ఇంకొక్కటి, మీ 22 రోజుల చార్టులో మొదటి రోజు క్లైమాక్స్‌లోని ముక్క పెట్టానని రాశారు, ఆ ఇల్లు ఆ రోజే దొరికిందని. మార్చండి. మొదటి రోజు పూజ ఉంటుంది. పంతులు గారు 9:14కి ముహూర్తం పెట్టారంటే, దేవుడి పటాల మీద క్లాప్ కొట్టి, కొబ్బరికాయ కొట్టి, నిర్మాత గారి బంధువులతో ఫొటోలయ్యి, స్వీట్లు పంచి, అసలు కెమెరా మీ సీన్ వైపు తిరిగేసరికి 11 దాటుతుంది. యూనిట్‌లో ఎవరికి ఎవరి పేరూ తెలీదు. ఆ రోజుకి పది షాట్లు మించకుండా, డైలాగ్ తక్కువున్న సీన్ పెట్టుకోండి. ఎవరో తలుపు తీసి లోపలికి రావడం, టీ పెట్టుకోవడం, అలాంటిది. ఇల్లు ఆ రోజే దొరుకుతుందంటే ఓనర్‌తో ఇంకోసారి మాట్లాడి చూడండి, పూజ రోజు కాబట్టి వాళ్లు కూడా కాస్త మెత్తబడతారు.